ఇసుక మీది మొదటి గీత



పరిశుద్ధ గ్రంథములో హస్తకళలు నేర్పు మొదటి బడి ఎక్కడ తెరవబడినదో ఎప్పుడైనను ఆలోచించితిరా? అది నైలునది ఒడ్డున కాదు. పచ్చని కనాను దేశమందును కాదు. నీళ్లు లేక జనులు మోషేమీద సణిగిన సీనాయి అరణ్యములో ఆ బడి తెరవబడెను. యూదా గోత్రికుడైన బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, బంగారు వెండి ఇత్తడి పనులకును, రత్నములను చెక్కుటకును, కర్రను మలచుటకును కావలసిన నేర్పును అతనికి అనుగ్రహించెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుచున్నాము. అదే గ్రంథము 35వ అధ్యాయము 34వ వచనములో మనము తరచుగా దాటిపోవు మాట ఒకటి కలదు. బెసలేలుకును, దాను గోత్రికుడైన అహోలీయాబునకును దేవుడు పని చేయు నేర్పును మాత్రమే గాక, దానిని ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ వారి హృదయములలో పుట్టించెను. అనగా బొమ్మ చేయుట దేవుని వరమైనట్లే, బొమ్మ చేయుట నేర్పుటయు దేవుని వరమే.

ఈ సంగతి మన అనంతపురపు మెట్టనేలకు మిక్కిలి దగ్గరగా నున్నది. పడమటి కనుమలు నైరుతి మేఘములను ఆవలనే అడ్డగించును. ఈశాన్యపు వాన తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. సాలునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడు ఆ కొద్దిపాటి వానను నమ్ముకొని మన రైతు వేరుశనగ విత్తుచున్నాడు. ఇట్టి సీమలో పిల్లలకు చిత్రలేఖనమెందుకు, ముందు కూడు గుడ్డ సంగతి చూడవలదా అని అడుగువారు మన సంఘములలో అనేకులు. ఒకప్పుడు నేనును అడిగినవాడనే. అందుచేత ఈ కరవు నేలమీద పిల్లల చేతికి గీత ఎట్లు వచ్చినదో, ఎట్లు పోయినదో, ఆ చరిత్రను మీతో కలిసి కొంతసేపు తలపోయగోరుచున్నాను.

మొదట లేపాక్షికి పోదము. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వరకు ఏలిన కాలములో, పెనుకొండలో ఉద్యోగియైన విరూపణ్ణ అక్కడి వీరభద్రాలయమును పెంపుచేసి కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ మండపముల పైకప్పునిండ సున్నపు పూతమీద ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ వన్నెలతో పురాణకథలు చిత్రించిరి. నాటి ప్రజల చీరెల అంచులు, తలపాగలు, కొప్పులు ఈనాటికిని అక్కడ కనబడుచున్నవి. మన ఆరాధన వేరు, మన విశ్వాసము వేరు. అయినను నేను అక్కడ తలయెత్తి చూచినప్పుడు నాకు కలిగిన ప్రశ్న విగ్రహములనుగూర్చినది కాదు. ఆ చేతులకు ఇంత నేర్పు ఎవరు నేర్పిరి? కట్టించినవాని పేరు నిలిచినది. గీసినవారి పేర్లు లోకమునకు తెలియలేదు. వారికి నేర్పినవారి పేర్లు అంతకంటెను మరుగుపడినవి. ఉపాధ్యాయుని భాగ్యము తరచుగా ఇట్టిదే.

లేపాక్షి చిత్రకారుల పరంపర కనుమరుగైనను, వేరొక పరంపర మన కన్నులయెదుటనే నిలిచియున్నది. ధర్మవరము దగ్గర నిమ్మలకుంట అను ఊరు కలదు. 2022వ సంవత్సరమునుండి ఆ ఊరును లేపాక్షియు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములున్నవి. వారి పూర్వులు మరాఠీ సీమనుండి వలసవచ్చినవారు. మేకతోలును శుభ్రపరచి, వెండ్రుకలు తీసి, వెలుతురు పారునంత పలుచగా గీకి, ఎండకు ఆరబెట్టి, దానిమీద గీతలు గీసి, సన్నని ఉలితో రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు. కాలుసేతులు కదలునట్లు కీళ్లవద్ద దారముతో ముడివేయుదురు. తెల్లని తెర వెనుక ఆముదపు దీపము పెట్టినయెడల ఆ రంగులు తెరమీద వెలుగును. ఆ ఊరివాడైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించెను. ఆట చూచువారు తగ్గిపోగా, నేడు అక్కడివారు దీపములకు గొడుగులు, గోడకు తగిలించు పటములు చేసి బ్రదుకుచున్నారు.

ఇది చదువుచున్నప్పుడు ప్రత్యక్షపు గుడారము మీకు జ్ఞాపకము రాలేదా? నిర్గమకాండము 26వ అధ్యాయము 14వ వచనమునుబట్టి దాని పైకప్పు ఎర్రరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లతో చేయబడినది. తోలుకు రంగు వేయు చేతిని దేవుడు తన నివాసమునకు పనికిరాదని త్రోసివేయలేదు.

ఈ తోలుబొమ్మల ఇండ్లలో బడిగంట లేదు, హాజరుపట్టీ లేదు. పిల్లవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి చూచుచు చూచుచు నేర్చుకొనును. మొదట సులువైన రంధ్రములు, తరువాత నగల వరుసలు; ముఖము, కన్ను గీయుట చేయి కుదిరిన తరువాతనే. ఈ పద్ధతిలో గొప్ప మేలున్నది, ఒక కొరతయు ఉన్నది. మేలేమనగా, నేర్పువాడు నేర్చువాని చేతిని ఎరుగును. కొరత ఏమనగా, ఆ విద్య ఆ ఇంటి గడప దాటదు. ఆ ఇంట పుట్టనివానికి అది లేదు. అందరి పిల్లలకును తలుపు తీయవలసినది బడి. ఆ బడి ఏమిచేసెనో చూతము.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంఫిణీవారికి దత్తము చేసెను. అప్పుడు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామసు మన్రోగారు తరువాత మద్రాసు గవర్నరై, ప్రతి జిల్లాలోని నాటుబడుల వివరములు పంపుడని 1822లో కలెక్టర్లను అడిగెను. అనంతపురము అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు, బళ్లారిలో చేరియుండెను. 1882లో గాని అది విడిపోలేదు. బళ్లారి కలెక్టరైన ఏ. డి. క్యాంబెలుగారు 1823 ఆగస్టు 17వ తేదీన తన జాబు వ్రాసెను. ఈయనయే మన తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసిన దొర. ఆ జాబులో మన ముత్తాతల నాటి బడి అద్దములోవలె కనబడుచున్నది.

అయిదేండ్ల పిల్లవాడు బడిలో చేరగానే మొదట అక్షరములను నోటితో వల్లించడు. నేలమీద ఇసుకలో వ్రేలితో దిద్దును. వ్రేలు తిరిగిన తరువాతనే తాటాకు, గంటము, కాగితము, రెల్లుకలము. పలకకు బదులుగా బియ్యముతోను బొగ్గుపొడితోను పూసిన పొడవాటి బల్ల యొకటి. గంజిపెట్టి, మడతలుగా మడిచి, బొగ్గును జిగురును పూసిన గుడ్డ మరియొకటి. రెండవదానిని కడితము అనిరి. మెత్తని తెల్లరాతి బలపముతో వాటిమీద వ్రాసి, తడిగుడ్డతో తుడిచివేయుదురు. ముందు నేర్చిన పిల్లలు వెనుక వచ్చిన పిల్లలకు నేర్పుదురు. ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట న్యాయమే అనియు క్యాంబెలుగారు తెలిపెను.

ఇంగ్లండు ఎట్లు అనుకరించెను? అదియు ఒక బోధకుని కథయే. స్కాట్లండు దేశస్థుడైన ఆండ్రూ బెల్లు అను పాదిరిగారు 1789లో మద్రాసునందలి అనాథ బాలుర ఆశ్రమమునకు పెద్దగా నుండెను. ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకమీద వ్రేలితో అక్షరములు వ్రాయుట చూచి, ఆయన తన ఆశ్రమములోను ఇసుకను పరపించెను. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించెను. 1797లో దానినిగూర్చి లండనులో పుస్తకము ప్రచురించెను. ఆ పద్ధతి అక్కడి బీదపిల్లల బడులలో వ్యాపించెను. మన నేలమీది ఇసుక ఆ విధముగా సముద్రము దాటెను.

ఇక్కడ మన భాషలోని ఒక వింతను గమనింపుడు. తెలుగులో "వ్రాయుట" అను మాట అక్షరమునకును చెల్లును, చిత్రమునకును చెల్లును. ఉత్తరము వ్రాసెను అందుము. బొమ్మ వ్రాసెను అనియు మన పెద్దలు అనిరి. ఇసుకలో వ్రేలు పెట్టిన పిల్లవానికి ఆ రెండును ఒక్కటే. "అ" అను అక్షరము వానికి మొదట ఒక బొమ్మ. సున్న చుట్టిన వ్రేలే సూర్యుని చుట్టును, కుండను చుట్టును. మన గుండ్రని లిపి నేర్చిన పిల్లవాని చేతికి వంపు తెలియును. చిత్రలేఖనము చదువునకు పోటీ అని తలంచువారు ఈ సంగతి మరచుచున్నారు. అక్షరమును బొమ్మయు ఒకే ఇసుకలో పుట్టిన కవలలు.

అయితే ఆ ఇసుక అందరిదిగా నుండెనా? క్యాంబెలుగారి లెక్క చూడుడు. బళ్లారి జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువు పిల్లలు 6,641. వేయిమందికి ఇంచుమించు ఏడుగురే. ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఊరి వెలుపలి పేటల పిల్లలను వీథిబడి అరుగుమీదికి సాధారణముగా రానిచ్చువారు కారు. పూర్వము బడులున్న గ్రామములలో ఇప్పుడు బడులు లేవనియు, దేశము బీదపడుటయే అందుకు కారణమనియు క్యాంబెలుగారు విచారముతో వ్రాసెను. సీమగుడ్డలు దిగుమతియై మన నేతగాండ్ర బ్రదుకు చెడుటను కూడ ఆయన ఎత్తిచూపెను. చేతిపని ఎండినచోట బడియు ఎండెను. ఆ రెండింటికిని ఒకే బావి.

లండను మిషనువారి పక్షమున జాన్ హ్యాండ్సుగారు బళ్లారికి వచ్చినది 1810లో. ఆ తరువాత కాలములో ఈ సీమయందు మిషను బడులు పుట్టి, ఏ అరుగు ఎక్కనివ్వలేదో ఆ పిల్లలను పిలిచి కూర్చుండబెట్టినవి. అందుకు దేవునికి స్తోత్రము. నేను ఇట్లు కలము పట్టియుండుటయు ఆ కృపవలననే. కాని నిజము దాచరాదు. మన తాతలు తోలుపనినుండి, రాతిపనినుండి, వెట్టినుండి పారిపోయి అక్షరమును ఆశ్రయించిరి. చేతిపని అనగా వారికి చాకిరీ, అవమానము. కనుక మన ఇండ్లలో పుస్తకము పట్టిన చేయి గౌరవమైనదిగాను, పని చేయు చేయి సిగ్గుపడదగినదిగాను ఎంచబడెను. పిల్లవాడు పలకమీద బొమ్మ గీసిన మందలించిన తలిదండ్రులు పిల్లవానిమీది ప్రేమచేతనే అట్లు చేసిరి. వారిని నేను నిందింపను. కాని ఆ భయము కాలము ఇంక తీరలేదా?

ఇక చిత్రలేఖనము బడిలో పాఠ్యాంశముగా ఎట్లు వచ్చెనో చెప్పెదను. అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు 1850లో మద్రాసులో చిత్రకళాశాల స్థాపించెను. కొలదికాలములోనే ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. నేడు అది చెన్నైలో ప్రభుత్వ లలితకళల కళాశాలగా నున్నది. నాటి ప్రభుత్వము కోరినది ముఖ్యముగా పరిశ్రమలకు పనికివచ్చు చేయి. బడులకు వచ్చిన డ్రాయింగు కూడ ఆ త్రోవనే నడచెను. సరళరేఖ, వృత్తము, ఘనము, కూజా, ఆకు. నల్లబల్లమీద మాస్టరుగారు గీసినదానిని పిల్లలు తప్పులేకుండ దింపవలెను. చేతికి అదుపు వచ్చిన మాట నిజమే. లోయరు, హయ్యరు పరీక్షలు వ్రాసి డ్రాయింగు మాస్టర్లయినవారు ఎందరో శ్రద్ధగా పనిచేసిరి. కాని పిల్లవాడు తన కంటితో చూచినదేమి అని అడిగినవారు తక్కువ.

దీనికి రెండువందల ఏండ్లకు ముందే, మొరేవియ సహోదరుల సంఘపు బిషపు కొమీనియసుగారు వేరొక త్రోవ చూపియుండెను. యుద్ధములవలన దేశము విడిచి పరదేశిగా తిరిగిన ఆ దైవజనుడు, 1658లో న్యూరెంబర్గులో పిల్లలకొరకు బొమ్మల పుస్తకము వేయించెను. లోకములోని వస్తువులను బొమ్మలో చూపి, ప్రక్కన పేరు వ్రాసి నేర్పిన పుస్తకమది. పిల్లలు ఇష్టపడినయెడల ఆ బొమ్మలను తమ చేతితో గీయనియ్యుడని ఆయన పీఠికలో సలహా ఇచ్చెను. గీయువాడు వస్తువును శ్రద్ధగా చూచునని ఆయన ఎరుగును.

మన బడులలో చూచుట తగ్గి దింపుట పెరిగెను. ఫలితమేమి? అనంతపురపు పిల్లవానికి కాగితమిచ్చి బొమ్మ వేయుమన్నయెడల ఏమి వేయును? రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, నిండుగా పారు నది, నదిలో పడవ, ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు. పడవ ఎక్కి ఎరుగడు. వాని కంటికి కనబడు పెన్న, చిత్రావతి సంవత్సరములో చాల నెలలు ఇసుకపర్రలే. చిత్రావతి అను పేరులోనే చిత్రమున్నది. దానిని చిత్రించు పిల్లవాడు లేడు! మన ఆదివారపు బడులును ఇందులో పాలిభాగస్థులే. తెల్లని కాపరి, పచ్చిక బయలు, ఉన్నిబంతులవంటి గొర్రెలు గల రంగుల పటమును గోడకు వ్రేలాడదీసితిమి. పిల్లలు చూచిరి, గీయలేదు. కంబళి కప్పుకొని, కర్ర భుజముపై నుంచుకొని, ఎర్రమట్టి బాటను మందను తోలుకొనిపోవు మన ఊరి కాపరిని చూపి, మంచి కాపరి ఎట్లుండునో గీయుడని వారిని అడుగలేదు.

ఈ దోషమును తెలిసికొన్న ఉపాధ్యాయులును లేకపోలేదు. వియన్నా నగరములో ఫ్రాంజు చీజెకు 1897లో పిల్లలకు చిత్రముల తరగతి తెరచి, పెద్దల బొమ్మలు దింపింపక, పిల్లల మనస్సులోనిది వారినే గీయనిచ్చెను. మన రాజమహేంద్రవరములో ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలైన ఆస్వాల్డు కూల్డ్రేగారు, 1897లో పుట్టిన దామెర్ల రామారావు అను బాలుని చేతిని గుర్తించి, గోదావరి గట్లను, అక్కడి మనుష్యులను చూచి గీయుమని ప్రోత్సహించెను. ఆ బాలుడు బొంబాయి కళాశాలలో చదివి ఆంధ్రదేశమునకు గొప్ప చిత్రకారుడై, 1925లో చిన్నవయస్సులోనే గతించెను. గుర్తించిన కన్ను ఒకటి లేకున్న ఆ చేయి ఏమై యుండునో! గాంధీగారి ప్రోత్సాహముతో 1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న మౌలిక విద్యయు చేతిపనిని చదువునకు మధ్యస్తంభముగా నిలిపెను.

మన కాలమునకు వత్తము. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము, కళావిద్య పదవ తరగతి వరకు పిల్లలందరికిని ఉండవలెనని చెప్పెను. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధములో, ఆరు మొదలు ఎనిమిది తరగతులు గల బడిలో పిల్లలు నూరుమందికి మించినయెడల కళావిద్యకు పార్టుటైము బోధకుని నియమింపవలెనని యున్నది. మంచిదే. కాని ఆ నూరు అను అంకెను మన మెట్టనేల గ్రామములలో నిలువబడి చదువుడు. పంట పోయి, తలిదండ్రులు బెంగుళూరునకు కూలికి పోయిన ఊరిలో ఆ తరగతులకు నూరుమంది పిల్లలు ఎక్కడ? అయిదవ తరగతి వరకే ఉన్న బడిమాట ఆ వాక్యములో లేనేలేదు. వాన తక్కువైనచోట పిల్లలు తక్కువ; పిల్లలు తక్కువైనచోట చిత్రలేఖనపు మాస్టరు లేడు. కరవు ఈ విధముగా కాగితముమీదను కొనసాగుచున్నది.

చట్టమును తప్పుపట్టుట సులభము. నా తప్పును కూడ చెప్పవలెను. కొన్ని ఏండ్లక్రిందట ఒక పల్లెలోని చిన్న బడికి నేను కరస్పాండెంటుగా నుంటిని. పిల్లలు లెక్కలలో వెనుకబడియున్నారని, శుక్రవారము మధ్యాహ్నపు బొమ్మల గంటను తీసివేసి లెక్కలకు ఇచ్చితిని. ఆ నెలలోనే బడిగోడకు క్రొత్తగా సున్నము వేయించితిమి. వారము తిరుగకముందే అయిదవ తరగతి పిల్లవాడొకడు ఆ తెల్లని గోడమీద బొగ్గుతో పెద్ద బొమ్మ గీసెను. బోరుబండి, దాని పొడవాటి స్తంభము, క్రిందనుండి లేచు దుమ్ము. ప్రక్కన తలపట్టుకొని కూర్చున్న మనిషి. నేను ఆ బొమ్మను చూడలేదు. పాడైన గోడను మాత్రమే చూచితిని. పిల్లవానిని అందరియెదుట గద్దించి, వానిచేతనే సున్నము పూయించితిని. వాడు ఒక్కమాట పలుకలేదు.

పది దినముల తరువాత వాడు బడికి రాలేదు. పంతులమ్మగారిని అడిగితిని. వాని తండ్రి అప్పుచేసి బోరు వేయించెననియు, నీరు పడక దుమ్మే వచ్చెననియు, ఇల్లు తాళమువేసి కుటుంబమంతయు బెంగుళూరు పోయెననియు ఆమె చెప్పెను. "ఆ బొమ్మలో ఉండింది వాళ్ల నాయన, అయ్యగారూ" అని ఆమె మెల్లగా అనెను. ఆ సంగతి వాడు ఎవరితోను నోటితో చెప్పలేదు. చెప్పుటకు వానికున్న భాష ఆ బొగ్గుముక్క యొక్కటే. దానిని చదువవలసిన కాపరిని నేను. చదువక చెరిపించితిని. ఆ పిల్లవానిని మరల చూడలేదు.

యోహాను సువార్త 8వ అధ్యాయము ఆ రాత్రి నాకు వేరుగా వినబడెను. మన ప్రభువు ఒంగి నేలమీద వ్రేలితో వ్రాసెనని అక్కడ రెండుమారులు చెప్పబడినది. ఏమి వ్రాసెనో సువార్తికుడు తెలుపలేదు. చుట్టునున్నవారు రాళ్లు పట్టుకొని నేరము చూచుచుండిరి; ప్రభువు మాత్రము మనిషిని చూచెను. మన నాటుబడి పిల్లలవలెనే ఆయనయు నేలను పలకగా చేసికొనెను. నేలమీద గీసిన ప్రతి బాలునియందును నాకు ఇప్పుడు ఆయన వంగిన తల జ్ఞాపకమునకు వచ్చును.

ఇద్దరు నన్ను ఆక్షేపింపవచ్చును. ఒకరు విశ్వాసి: "బొమ్మలు చేయరాదని ఆజ్ఞ కలదు గదా?" అనును. నిజమే. కాని ఆజ్ఞ నిషేధించినది బొమ్మకు మ్రొక్కుటను. ఆజ్ఞ ఇచ్చిన దేవుడే యాజకుని అంగీ అంచున దానిమ్మపండ్లను, దీపవృక్షముమీద బాదము పువ్వులను చేయుమనెను. దానిమ్మ మన అనంతపురపు తోటలలో కాయుచున్న పండే. మన పిల్లవాడు దానిని గీసినయెడల యాజకుని అంగీ అంచున మెరిసినదానినే గీయును. రెండవవారు కూలిచేయు తల్లి: "బొమ్మలు గీస్తే బువ్వొస్తాదా అయ్యగారూ?" అని అడుగును. అమ్మా, రాదని చెప్పలేను, వచ్చునని ప్రమాణము చేయలేను. ధర్మవరపు చీర అంచు గీయువాడు గీతతోనే బ్రదుకుచున్నాడు. కాని నేను అడుగునది అందుకు కాదు. నీ బిడ్డ గుండెలోని బరువు బయటికి వచ్చుటకు దారి ఉండవలెనని అడుగుచున్నాను.

ఏమి చేయవలెను? ఖర్చుతో పనిలేదు. ఏటి ఇసుక, పొయ్యిబొగ్గు, ఎర్రమన్ను, సున్నము, వాకిట ముగ్గుపిండి మనకు కలవు. చిన్న తరగతుల పిల్లలు కంటికి కనబడునట్లు గాక, తమకు తెలిసినట్లు గీయుదురు. ఇంటి గోడకు ఆవలనున్న అమ్మను కూడ చూపుదురు. తమకు ముఖ్యమైనవారిని పెద్దగా వేయుదురు. దానిని దిద్దవద్దు. "ఇది ఏమి నాయనా?" అని అడిగి, చెప్పునది వినుడు. పదకొండు పండ్రెండేండ్లకు వచ్చిన పిల్లల సంగతి వేరు. వారు తమ బొమ్మను ఎదుటి వస్తువుతో పోల్చుకొని, "నాకు రాదు" అని సిగ్గుపడి మానివేయుదురు. బొమ్మ గీయుట చాలమందికి ఆ వయస్సులోనే ఆగిపోవును. నేర్పువాడు అవసరమైనది అప్పుడే. చింతచెట్టు క్రింద కూర్చుండబెట్టి, కొమ్మ మొదట లావుగాను చివర సన్నముగాను ఉండుట, దగ్గరిది పెద్దదిగాను దూరపుది చిన్నదిగాను కనబడుట, ఎండ ఒకప్రక్క నీడ ఒకప్రక్క పడుట చూపవలెను. మాస్టరు లేనిచోట ఊరిలో ముగ్గు బాగుగా వేయు అవ్వను పిలువుడు. కుండలు చేయు పెద్దను, తోలుబొమ్మలు చేయువారిని పిలువుడు. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పుట మన నాటుబడి ధర్మమే గదా! సెలవులలో జరుపు బైబిలు బడిలోను, అచ్చుబొమ్మకు రంగు నింపుటతో ఆగక, ఖాళీ కాగితము ఇయ్యుడు.

ఆ చిన్న బడిలో శుక్రవారపు గంటను నేను మరల పెట్టించితిని. వెనుకవైపు గోడను పిల్లలకు విడిచితిమి. ప్రతి సంవత్సరము సున్నము వేయునది ఇప్పుడు బొమ్మలను మూయుటకు కాదు, క్రొత్తవాటికి చోటిచ్చుటకు. సున్నము వేయకముందు పంతులమ్మగారును నేనును ప్రతి బొమ్మయెదుట నిలిచి, గీసిన పిల్లవానిని అడిగి తెలిసికొందుము.

అరణ్యములో బెసలేలును పేరుపెట్టి పిలిచిన దేవుడు ఈ ఎండిన నేలమీది పిల్లలనుకూడ పేరుపెట్టి పిలుచును గాక. వారికి చేయు నేర్పును, మనకు నేర్పు హృదయమును, అంతకుముందు చూచు కన్నులను దయచేయును గాక. ఆమేన్.